పోకర్ బల్ల దగ్గర ఎక్కడ కూర్చోవాలి: సీటు ఎంపికకు సమగ్ర మార్గదర్శి

రమ్మీ నాలుగు రాత్రులు ఆడినవాడికి సీటు విలువ ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలిసిపోతుంది. మనకు ముందు ఆడే మనిషి చేతిలోని ముక్కల్ని సరిగా చూసుకోకుండా పనికొచ్చేవన్నీ పారేసే రకమైతే ఆ పూట మన ఆట నల్లేరు మీద బండిలా సాగుతుంది. అదే మనిషి మన తర్వాత కూర్చుంటే అతని అజాగ్రత్త వల్ల బాగుపడేది మనం కాదు, అతని అవతలి పక్కవాడు. పోకర్‌లో ఈ సంగతి ఇంకా బలంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ వరుసగా చేతులు మారేది పారేసిన ముక్క కాదు, సమాచారం. ముందు మాట్లాడినవాడు తన సంగతి బయటపెట్టి కూర్చుంటాడు. తర్వాత మాట్లాడేవాడు అది చూసుకొని నిర్ణయించుకుంటాడు.

ఈ మార్గదర్శి నో-లిమిట్ టెక్సస్ హోల్డెమ్ (తలా రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, పందానికి పరిమితి లేని ఆట) క్యాష్ గేమ్‌ను, అంటే టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుకే ఆడే ఆటను, దృష్టిలో పెట్టుకొని రాసినది. లాస్ వేగస్‌లోనూ కాలిఫోర్నియా కార్డ్ రూముల్లోనూ 1–3 డాలర్ల బ్లైండ్లతో (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందేలతో) తొమ్మిది మంది కూర్చొని ఆడే బల్లను ఉదాహరణగా తీసుకున్నాను. వారాంతాల్లో నేను కొన్నేళ్లుగా ఆడుతున్నదీ అదే. ఆట నియమాలు పాఠకులకు కొంత తెలుసుననే అనుకుంటున్నాను, ముఖ్యమైన మాటలు మాత్రం వచ్చిన చోట చెబుతాను. స్వదేశంలోని వారికి ఒక్క మాట ముందే చెప్పాలి: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఇక్కడ రాసినది గోవాలోని లైసెన్సున్న కాసినోల వంటి చోట్లకు, విదేశాల్లో చట్టబద్ధంగా నడిచే గదులకు మాత్రమే వర్తిస్తుంది.

మొదటి అడుగు: కుడి ఎడమల లెక్క

ఆట గడియారం ముల్లు తిరిగే దిశలో నడుస్తుంది. బల్ల వైపు ముఖం పెట్టి కూర్చున్న మనకంటే కుడి పక్కవాడు ముందు, ఎడమ పక్కవాడు తర్వాత నిర్ణయం తీసుకుంటారు. బటన్ (ఆ పంపకంలో ఫ్లాప్ నుంచి చివరగా మాట్లాడేవాడి ముందుండే గుర్తు) అందరి దగ్గరకూ తిరుగుతూనే ఉంటుంది కదా, ఇక సీటుతో పనేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. బటన్ తిరిగే మాట నిజమే కాని, ఏ ఇద్దరు ఆటగాళ్లను తీసుకున్నా వారిద్దరి మధ్య వరుస మాత్రం దాదాపుగా మారదు.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఒక మనిషికి సరిగ్గా ఎడమ పక్క సీటులో కూర్చుంటే, బటన్ ఒక చుట్టు తిరిగే తొమ్మిది పంపకాల్లో ఎనిమిదింట, ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) పడ్డాక మీరు అతని తర్వాతే మాట్లాడతారు. బటన్ అతని దగ్గర ఉండి, మీరు స్మాల్ బ్లైండ్ (బటన్‌కు ఎడమనే ఉండి చిన్న బ్లైండ్ కట్టి, ఫ్లాప్ పడ్డాక అందరికంటే ముందు మాట్లాడేవాడు) అయిన ఒక్క పంపకంలోనే ఈ వరుస తిరగబడుతుంది. ఇంకో సీటు ఎడమకు జరిగి కూర్చుంటే ఎనిమిది ఏడవుతుంది, ఆపై సీటులో ఆరు. అలా తగ్గుతూ వచ్చి, అతని కుడి పక్క సీటుకు చేరేసరికి తొమ్మిదింట ఒక్కటే మిగులుతుంది. గంటకు 30 పంపకాల చొప్పున ఆరు గంటలు ఆడితే 180 పంపకాలు, అంటే 20 చుట్లు. ఎడమ పక్కన కూర్చున్నవాడు ఆ రాత్రి 160 పంపకాల్లో అతని తర్వాత మాట్లాడితే, కుడి పక్కన కూర్చున్నవాడికి ఆ అవకాశం 20 సార్లే దక్కుతుంది. ఇద్దరి నైపుణ్యమూ ఒకటే, ఇద్దరికీ పడే ముక్కలూ ఒకలాంటివే అనుకున్నా, ఈ తేడాను పూడ్చుకోవడం రెండోవాడి తరం కాదు. బల్ల మీద డబ్బు కుడి నుంచి ఎడమకు పారుతుందని పాత ఆటగాళ్లు అనేది ఇందుకే.

అయితే ఇది కుర్చీ గుణం కాదు, కుర్చీకి రెండు పక్కలా ఉన్న మనుషుల గుణం. తూర్పు ముఖంగా ఉంటే తప్ప కూర్చోని మిత్రుడొకడు నాకున్నాడు. ఈ సీటుకు ముక్క రావట్లేదంటూ అరగంటకోసారి లేచి చూసేవాళ్లూ చాలామందే ఉన్నారు. పంచే ముక్కకు కుర్చీతో పని లేదు. మార్చవలసిన కారణం ఉన్నప్పుడు మార్చకుండా, లేనప్పుడు మార్చడం వల్ల, మంచి సీటు చేజేతులా వదులుకున్న వాళ్లను చూశాను.

రెండో అడుగు: పేరు పిలిచేలోపు చూడవలసినవి

కార్డ్ రూములో అడుగు పెట్టగానే సీటు దొరకదు. పేరు రాయించుకొని, వెయిటింగ్ లిస్టులో మన వంతు వచ్చేదాకా ఆగాలి. పిలిచినప్పుడు ఖాళీ అయిన సీటు ఏదైతే అదే ఇస్తారు. కనుక మొదటి సీటు మన ఎంపిక కాదు. ఎంపిక మొదలయ్యేది ఆ తర్వాతే, కాని దానికి కావలసిన సమాచారమంతా ఆ ఎదురుచూపులోనే పోగు చేసుకోవచ్చు. చాలామంది ఆ సమయాన్ని ఫోనుకు ధారపోస్తారు.

బల్లకు కొంచెం ఎడంగా, ఎవరికీ అడ్డు రాకుండా నిలబడి చూస్తే పది నిమిషాల్లో కొన్ని సంగతులు తేలిపోతాయి. ఫ్లాప్ చూడడానికి ఎక్కువసార్లు డబ్బు పెడుతున్నది ఎవరు? వారిలో రైజ్ చేసేదెవరు (పందెం పెంచేదెవరు), కాల్ చేసి (అంతే కట్టి) ఊరుకునేదెవరు? ఎవరి ముందు ఎన్ని చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) ఉన్నాయి? ఒక పెద్ద పాట్ (మధ్యలో పోగైన పందెం డబ్బు) ఓడిపోయి వెంటనే జేబులోంచి నోట్లు తీసి మళ్లీ చిప్స్ కొన్నదెవరు? చివరి ప్రశ్నకు దొరికే జవాబు మిగతా అన్నింటికంటే విలువైనదని నా అనుభవం. బల్ల మీద ఉన్న డబ్బు ఎంతో అందరికీ కనబడుతుంది. జేబులోంచి ఇంకా రాబోయేది ఎవరి దగ్గరో మాత్రం చూసినవాడికే తెలుస్తుంది.

షోడౌన్‌లో, అంటే చివర ఎవరు గెలిచారో తేల్చేటప్పుడు, తెరిచిన ముక్కల్ని కూడా గమనించాలి. మూడుసార్లు పందెం కాసినా వదలకుండా వచ్చి, చివరకు చిన్న జత తెరిచి చూపించినవాడిని గుర్తు పెట్టుకోవాలి. కాయితం మీద రాయవద్దు. మనసులో సీటు నంబరుతో కలిపి గుర్తుంచుకుంటే చాలు. డీలర్‌కు ఎడమ పక్కనున్నది ఒకటో సీటు, అక్కడి నుంచి గడియారం దిశలో లెక్కిస్తూ వస్తే డీలర్‌కు కుడి పక్కనున్నది తొమ్మిదోది.

మూడో అడుగు: కుడి పక్కన ఎవరుండాలి

వదులుగా ఆడేవాడు, అంటే ఆడకూడని ముక్కలతో కూడా డబ్బు పెట్టేవాడు, మన కుడి పక్కన ఉండాలి. అందునా ముందు ఎక్కువ చిప్స్ ఉన్నవాడు ఉండాలి. అలాంటివారు ఇద్దరు ముగ్గురు ఉంటే, వారిలో ఎక్కువ తప్పులు చేసే, ఎక్కువ డబ్బున్న ఒక్కడిని ఎంచుకొని అతని ఎడమ పక్క సీటు కోసం చూడాలి. అందరికీ సరిపడే సీటు వెతుక్కుంటూ పోతే ఎవరికీ సరిపడని సీటు దొరుకుతుంది.

ఎందుకో ఒక పంపకంలో చూపిస్తాను. ఒక శనివారం రాత్రి నేను ఐదో సీటులో ఉన్నాను. నాలుగో సీటులో ఒక పెద్దాయన, ఆయన ముందు సుమారు 600 డాలర్లు; ఫ్లాప్ చూడకుండా ముక్కలు పారేయడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. ఆయన 3 డాలర్లు పెట్టి లోపలికి వచ్చారు. నా చేతిలో ఆఠీను ఆసు, కళావరు జాకీ. నేను 18కి రైజ్ చేశాను. ఆ రైజ్ చూసి నా తర్వాతివాళ్లూ రెండు బ్లైండ్లూ తప్పుకున్నారు. ఆయన ఒక్కరే కాల్ చేశారు. పాట్‌లో 40 డాలర్లు, ఆడేది మేమిద్దరమే, ప్రతిసారీ ముందు మాట్లాడవలసింది ఆయన.

ఫ్లాప్: ఇస్పేటు జాకీ, డైమను ఏడు, కళావరు నాలుగు. ఆయన చెక్ (పందెం కాయకుండా వంతు వదలడం), నేను 20, ఆయన కాల్. టర్న్ (బల్ల మీద నాలుగో ముక్క): ఆఠీను రెండు. మళ్లీ చెక్, నేను 45, కాల్. రివర్‌లో (ఐదో ముక్కగా) డైమను తొమ్మిది పడింది. చేతిలో పది, ఎనిమిది ఉన్నవాడికి స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) పూర్తి చేసే ముక్క అది, పైగా ఈ పెద్దాయన పది, ఎనిమిది వంటివి సంతోషంగా ఆడే మనిషి. కాని ఆయన మూడోసారీ చెక్ అన్నారు. స్ట్రెయిట్ తగిలి ఉంటే ఆయన చెక్ చేసే రకం కాదని గంటన్నరగా పక్కనే చూస్తున్నాను గనుక 75 కాశాను. ఆయన కాల్ చేసి జాకీ, పది తెరిచారు; జాకీల జత ఇద్దరికీ ఉన్నా నా ఆసు పెద్దది. 320 డాలర్ల పాట్ నావైపు జరుగుతుంటే నిట్టూర్చారు.

ఇవే ముక్కలతో నేను ఆయనకు కుడి పక్కన, అంటే మూడో సీటులో, ఉన్నాననుకుందాం. ఆయన లోపలికి వస్తారో లేదో తెలియకుండానే రైజ్ చేయాలి. ఆయన కాల్ చేస్తే, ఆ కాల్ చూసి ఇంకో ఇద్దరికి ధైర్యం వస్తుంది. రివర్‌లో తొమ్మిది పడ్డాక ముందు మాట్లాడవలసింది నేను. 75 కాస్తే ఆయన స్ట్రెయిట్‌తో రైజ్ చేయవచ్చు. చెక్ చేస్తే ఆయన కూడా చెక్ చేసి ఊరుకుంటారు, రావలసిన 75 రాకుండా పోతుంది. ఒక్క పంపకంలో ఒక్క పందెం తేడా. రాత్రి పొడవునా ఇలాంటివి ఎన్ని ఉంటాయో పైన వేసిన లెక్కే చెబుతుంది.

తెలివైన, దూకుడుగా ఆడే రెగ్యులర్ ఆటగాడు బల్ల మీద ఉంటే అతను కూడా కుడి పక్కనే ఉండడం మేలు. అతని దగ్గర డబ్బు తీసుకోవడానికి కాదు, అతని చేతిలో మనం ఇబ్బంది పడకుండా ఉండడానికి. అతను రైజ్ చేశాక మనం ముక్కలు పారేయవచ్చు. మనం రైజ్ చేశాక అతను మళ్లీ రైజ్ చేస్తే మాత్రం పెట్టిన డబ్బు వదులుకోవలసి వస్తుంది. అయితే అమాయకుడి పక్క సీటో, గట్టి ఆటగాడి పక్క సీటో ఒకటే దొరుకుతుందంటే నేను మొదటిదే తీసుకుంటాను. గట్టివాణ్ణి తప్పించుకోవడానికి ముక్కలు పారేయడమనే దారి ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

నాలుగో అడుగు: ఎడమ పక్క సంగతి

కుడి పక్క గురించి చెప్పినంతగా ఎడమ పక్క గురించి ఎవరూ చెప్పరు. నిజానికి మన రోజువారీ ఆటను నడిపేది ఎడమ పక్కనున్న ఇద్దరు. బటన్ మన దగ్గర ఉన్నప్పుడు వారిద్దరే స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్. వారు మంచి ముక్కలు ఉంటే తప్ప కదలని బిగువు మనుషులైతే, ఆ బ్లైండ్లను చిన్న రైజ్‌తో మనం చాలాసార్లు తీసేసుకోవచ్చు. బటన్ మన పక్క సీటులో ఉన్నప్పుడు ఆ మనిషి ముక్కలు పారేస్తే ఆ పంపకంలో చివరగా మాట్లాడే హక్కు మనకే వస్తుంది. ఆపై సీటువాడూ పారేసే రకమైతే, బటన్‌కు రెండు సీట్ల ముందున్నప్పుడూ అదే లాభం. అంటే ఎడమన ఇద్దరు బిగువు మనుషులు ఉన్నవాడికి, చుట్టుకు ఒకటే రావలసిన బటన్ రెండు మూడుసార్లు వచ్చినట్లవుతుంది.

ఎడమ పక్కన ఉండవలసినవారిలో రెండో రకం, తాము చేయబోయేది ముందే చెప్పేసేవారు. నోటితో చెప్పరు, చేతులతో చెబుతారు. ముక్కలు చూసుకోగానే వాటిని రెండు వేళ్ల మధ్య పట్టుకొని, పారేయడానికి సిద్ధంగా మణికట్టు ముందుకు చాచి కూర్చునే మనిషి ప్రతి బల్ల మీదా ఒకరుంటారు. మంచి ముక్కలు పడితే అదే మనిషి వాటిని బల్ల మీద పెట్టి, పైన ఒక చిప్ ఉంచి, వెన్ను నిటారుగా పెడతారు. ఇది మన వంతు రాకముందే కనబడుతుంది. ఇలాంటి మనిషి ఎడమ పక్కన ఉంటే, అతను మన తర్వాత మాట్లాడుతున్నాడన్న మాటే గాని, సమాచారం మాత్రం మనకే ముందు అందుతుంది. కుడి పక్కన ఉంటే ఆ అలవాటు మనకు దండగ, ఎలాగూ అతను ముందే మాట్లాడతాడు కదా.

దీన్ని వాడుకోవాలంటే ఒక అలవాటు చేసుకోవాలి. ముక్కలు పంచగానే మన ముక్కలు చూసుకోవద్దు. ఎడమ పక్కనున్న ఇద్దరు ముగ్గురు తమ ముక్కలు చూసుకునే తీరును, తల తిప్పకుండా, కళ్లతోనే గమనించాలి. మన వంతు వచ్చాకే మన ముక్కలు ఎత్తి చూడాలి. మొదట్లో ఇది చేతకాదు, చేయి దానంతట అదే ముక్కల మీదకు పోతుంది. రెండు మూడు రాత్రుల్లో అలవడుతుంది.

ఎడమన ఉండకూడని మనిషి ఎవరో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది: మన రైజ్ మీద రైజ్ చేయడం తెలిసిన, ముందు చిప్స్ దండిగా ఉన్న ఆటగాడు. 60 డాలర్లతో కూర్చొని, ఎవరు రైజ్ చేసినా మొత్తం నెట్టేసే చిన్న స్టాక్ మనిషి కూడా అక్కడ ఇబ్బందే, ఎందుకంటే అతని వల్ల మన చిన్న రైజులన్నీ ఖరీదవుతాయి. అదే 60 డాలర్ల మనిషి బిగువుగా ఆడేవాడైతే ఎడమన ఉండనివ్వండి. అతని దగ్గర గెలుచుకునేదే కొంచెం, దాని కోసం కుడి పక్క చోటు వృథా చేసుకోనక్కర లేదు.

ప్రతి పంపకమూ రైజ్ చేసేవాడు: తేలని తగవు

అందరికీ తెలిసిన సలహా ప్రకారం మేనియాక్, అంటే ముక్కలతో నిమిత్తం లేకుండా ప్రతిసారీ రైజ్ చేస్తూ పోయేవాడు, కుడి పక్కన ఉండాలి. అతను రైజ్ చేస్తాడు, మన ముక్కలు బాగుంటే మళ్లీ రైజ్ చేసి మిగతావాళ్లను తప్పిస్తాం, అతనితో ఒంటరిగా, అతని తర్వాత మాట్లాడుతూ ఆడతాం. మాట సబబుగానే ఉంది. కాని ఇందులో ఒక చిక్కుంది. మిగతావాళ్లు తప్పుకుంటేనే ఇది పనిచేస్తుంది.

1–3 బల్లల మీద కొన్ని రాత్రులు ఎవరూ తప్పుకోరు. మేనియాక్ 20 అంటాడు, మనం 65 అంటాం, వెనక ముగ్గురు తాపీగా కాల్ చేస్తారు. అప్పుడు మనం అతని తర్వాత మాట్లాడుతున్నా, ఆ ముగ్గురి కంటే ముందు మాట్లాడుతున్నాం, వాళ్ల చేతుల్లో ఏముందో తెలియదు. అలాంటి బల్ల మీద మేనియాక్ ఎడమ పక్కన ఉండడం అంత చెడ్డ సంగతేమీ కాదు. ఫ్లాప్‌లో మనకు గట్టి చేయి తగిలితే చెక్ చేస్తాం. అతను అలవాటుగా పందెం కాస్తాడు. ఆ పందానికి బల్లంతా జవాబు చెప్పాక, ఎవరు ఉన్నారో ఎవరు పోయారో చూసుకొని, చివరగా మన దగ్గరకు వస్తుంది. అయితే ఆ సీటులో మధ్యరకం ముక్కలతో ఆడడం మానుకోవాలి, గట్టి ముక్కల కోసం కాచుకొని కూర్చునే ఓపిక ఉండాలి. ఆ ఓపిక నాకు లేదు గనుక, నా మొగ్గు కుడి పక్కకే. ఇద్దరి ముందూ 500 డాలర్లకు పైగా ఉన్నప్పుడు మాత్రం ఇందులో సందేహమే లేదు: అంత డబ్బుతో ఏం చేస్తాడో తెలియని మనిషి నా తర్వాత మాట్లాడడం నాకు వద్దు.

కుర్చీ గురించి నాలుగు మాటలు

మనుషుల లెక్క సరిసమానంగా ఉన్నప్పుడే కుర్చీ సంగతి చూసుకోవాలి. ఒకటి, తొమ్మిది సీట్లు డీలర్‌కు అటూ ఇటూ ఉంటాయి. అక్కడ కూర్చున్న ఇద్దరికీ డీలర్ భుజమూ చేతులూ అడ్డు వచ్చి ఒకరి చిప్స్ ఒకరికి సరిగా కనబడవు. డీలర్‌కు ఎదురుగా ఉండే ఐదో సీటు నుంచి అందరి ముఖాలూ, బోర్డు మీది ముక్కలూ తేలిగ్గా కనిపిస్తాయి. చూపు మందగించినవారు దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. ఏసీ గాలి నెత్తిన పడే చోటు, వెనక నుంచి జనం రాసుకుంటూ పోయే చోటు ఆరు గంటల ఆటకు పనికిరావు.

ఐదో అడుగు: సీటు మార్పు అడగడం

కూర్చున్నాక ఒకటి రెండు చుట్లు చూసి, ఏ సీటు కావాలో తేల్చుకున్నాక, ఆలస్యం చేయకుండా డీలర్‌తో సీట్ చేంజ్ కావాలని చెప్పాలి. చాలా గదుల్లో దానికి గుర్తుగా ఇంకో రకం బటన్ (బిళ్ల) ఇస్తారు. సీటు ఖాళీ అయినప్పుడు ముందుగా అడిగినవారికి మొదటి హక్కు. బల్ల మీద ఉన్నవారెవరూ వద్దంటేనే వెయిటింగ్ లిస్టులోని కొత్త మనిషికి ఇస్తారు. కనుక ఏ సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియకపోయినా ముందే అడిగి పెట్టుకోవడంలో నష్టం లేదు. అడిగినంత మాత్రాన మారి తీరాలని లేదు. ఖాళీ అయిన సీటు మనకు అక్కర్లేనిదైతే వద్దనవచ్చు, కాని అలా వద్దంటే వరుసలో మన చోటు ఉంటుందా పోతుందా అన్నది గదిని బట్టి మారుతుంది. ముందే అడిగి తెలుసుకోవాలి.

ఎవరు లేవబోతున్నారో కూడా కనిపెట్టవచ్చు. చిప్స్ పెట్టుకునే ర్యాక్ తెప్పించుకున్నవాడు, గడియారం చూసుకుంటూ బ్లైండ్ వచ్చేదాకా ఆడి పోతానన్నవాడు, ఫోనులో ఇంటికి బయల్దేరానని చెప్పినవాడు, వీళ్లు పది నిమిషాల్లో లేస్తారు. వాళ్ల సీటు కావలసినదైతే అప్పటికే మన మాట డీలర్ చెవిన పడి ఉండాలి.

మారేటప్పుడు బ్లైండ్ల లెక్క ఒకటి ఉంటుంది. బ్లైండ్ కట్టవలసిన వంతు ఎగ్గొట్టేలా జరిగితే, ఆ మేరకు కొన్ని పంపకాలు ఆగమనో, డబ్బు పోస్ట్ చేయమనో (ముందే కట్టమనో) అంటారు. తెలియకపోతే చిప్స్ ఎత్తకముందే డీలర్‌ను అడగడం మర్యాద.

ఇక అసలు మర్యాద వేరే ఉంది. ఎందుకు మారుతున్నామో ఎవరికీ చెప్పకూడదు, పక్కవాడితో కళ్లతో కూడా చెప్పకూడదు. పైన చెప్పిన పెద్దాయన మన తెలుగువారే, ఆ గదిలో ఆయనతో నాకు కొంత పరిచయం ఏర్పడింది. ఇంకో వారం ఆయన రెండో సీటులో, నేను ఏడులో పడ్డాం. నేను నాలుగుకు మారాను. కాసేపటికి ఆయన, వెనక టీవీ కనబడడం లేదంటూ, ఆరులోకి జరిగారు. ఏడులోకి వచ్చిన కొత్త మనిషి పావుగంటలో లేవగానే నేను మళ్లీ ఏడుకు పోయాను. ఆయన నా వైపు తిరిగి, నవ్వుతూనే, "ఏం బాబూ, నేనెటు జరిగితే నువ్వూ అటే జరుగుతున్నావు. నా మీద అభిమానమా, నా చిప్స్ మీదనా?" అన్నారు. నేనేదో ఏసీ గాలి అన్నాను. ఆయన ఇంకో రెండు పంపకాలు ఆడి, చిప్స్ సర్దుకొని ఇంటికి వెళ్లిపోయారు. ఆయన పోయాక ఆ బల్ల మీద మిగిలింది ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఎనిమిది మంది బిగువు మనుషులం. అరగంటలో ఆట ఆగిపోయింది.

అప్పటి నుంచి ఒక బల్ల మీద ఒక్కసారి మించి మారకూడదని పెట్టుకున్నాను. ఎడమ పక్క సీటు దొరకకపోతే రెండో సీటో మూడో సీటో చాలుననుకుంటాను. తొమ్మిదింట ఎనిమిది కాకపోతే ఆరు. ఆ ఆరు కూడా ఆయన కూర్చుని ఉన్నంతసేపే.

ఆరో అడుగు: మంచి సీటు దొరకనప్పుడు

గట్టి ఆటగాడు ఎడమ పక్కనే ఉండి, సీటు మార్పు వచ్చే సూచన కనబడకపోతే, ముందుగా బల్ల మార్పు అడగాలి. దానికి వేరే జాబితా ఉంటుంది. కొన్ని గదుల్లో కొత్తగా వచ్చినవారిని ఒక బల్ల మీద కూర్చోబెట్టి, అసలు బల్ల మీద ఖాళీ వచ్చిన కొద్దీ వరుసగా అక్కడికి పంపే మస్ట్ మూవ్ పద్ధతి ఉంది. అక్కడ మన ఇష్టం చెల్లదు, పిలిస్తే వెళ్లాలి. అసలు బల్ల మీద ఎవరెవరున్నారో ముందే ఒకసారి చూసి వచ్చి, వెళ్లిన వెంటనే సీటు మార్పు అడిగి పెట్టుకోవడమే అక్కడ చేయగలిగినది.

బల్ల కూడా మారనప్పుడు ఆట మార్చుకోవాలి. ఎడమన ఉన్నవాడు తరచూ మళ్లీ రైజ్ చేస్తుంటే, పది పంపకాల్లో మూడింట ఆడేవారు రెండింటికి తగ్గించండి, ముఖ్యంగా బటన్‌కు దూరంగా ఉన్నప్పుడు. మళ్లీ రైజ్ చేస్తే పారేయక తప్పని ముక్కలను మొదటే పారేయండి. మంచి చేతులు తగిలినప్పుడు అప్పుడప్పుడు చెక్ చేసి, అతని దూకుడును అతని మీదే వాడుకోండి. ఇదంతా ఆ సీటు వల్ల వచ్చే నష్టాన్ని తగ్గిస్తుందే గాని లాభం తెచ్చిపెట్టదు. రెండు గంటలు చూసి లేచి రావడంలో చిన్నతనం లేదు.

టోర్నమెంట్లు, ఇంటి ఆటలు

టోర్నమెంట్లో ఎంపిక ఉండదు. లాస్ వేగస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అయినా, ఊళ్లో జరిగే చిన్న పోటీ అయినా, సీటు చీటీలో ఏది వస్తే అదే. బల్లల మధ్య మనుషుల సంఖ్య సరిచేసేటప్పుడు, టోర్నమెంట్ డైరెక్టర్ల సంఘం నియమాలు పాటించే చోట, హోల్డెమ్ వంటి ఆటల్లో తర్వాత బిగ్ బ్లైండ్ కట్టవలసిన మనిషినే లేపి, అవతలి బల్ల మీద ఖాళీల్లో అధ్వాన్నమైన స్థానంలో కూర్చోబెడతారు. స్మాల్ బ్లైండ్‌ను మాత్రం అధ్వాన్న స్థానంగా లెక్కించరు. అక్కడ పనికొచ్చేది ఎడమ పక్కను చదివే అలవాటు ఒక్కటే. విదేశాల్లో చట్టబద్ధంగా నడిచే ఆన్‌లైన్ ఆటల్లో కూడా సీటును చాలాచోట్ల సాఫ్ట్‌వేరే కేటాయిస్తుంది. ముక్కలు పారేయగానే కొత్త బల్లకు మార్చే వేగపు ఆటల్లోనైతే సీటు అన్న మాటకే అర్థం లేదు.

ఇంటి ఆటల్లో ఈ మార్గదర్శిని అటక మీద పెట్టండి. పండగ పూట నలుగురు కుటుంబాలతో కలిసినప్పుడు బావమరిది ఎడమ పక్కన కూర్చోవాలని ఎత్తులు వేసేవాడిని తర్వాతి పండక్కి పిలవరు. మా ఇంట్లో పాటించే పద్ధతి ఇది: పేకలోంచి ఆసు నుంచి తొమ్మిది దాకా ఇస్పేట్లు తీసి, కలిపి, బోర్లించి పరుస్తాం. తలా ఒకటి తీసుకుంటారు. ఆసు తీసినవారు వంటగది తలుపు పక్క కుర్చీలో, మిగతావారు వరుసగా వారి ఎడమన. భోజనాలయ్యాక మళ్లీ తీస్తాం.